లెక్కలు రాని పిల్లలు కారు, తోడు లేని పిల్లలు



మొన్న సంఘం జమాఖర్చులు చూసుకోడానికి కూర్చున్నప్పుడు మనలో ఒకరు బాధగా ఒక మాట అన్నారు. "మావాడికి ఇంజనీరింగు సబ్జెక్టులన్నీ అయిపోయాయండీ. ఆ అడిషనల్ మ్యాథ్స్ ఒక్కటే మిగిలింది. వాడికి దానిమీద ఆసక్తే లేదు." ఆ మాట మమ్మల్ని రెండు రాత్లు నిద్రపోనివ్వలేదు. అందుకే ఇంత పొడుగు రాత. ఓపికగా చదవండి.

తెలియనివారి కోసం ముందు సంగతి చెప్తాం. పాలిటెక్నిక్ డిప్లొమా చేసిన పిల్లలు మన రాష్ట్రంలో నేరుగా ఇంజనీరింగు రెండో ఏడాదిలో చేరొచ్చు. మొదటి ఏడాది లెక్కలు వాళ్ళు చదివి ఉండరు. ఆ లోటు పూడ్చడానికి విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం చాలా ఏళ్ళుగా మూడు, నాలుగు సెమిస్టర్లలో అడిషనల్ మ్యాథమెటిక్స్ పెడుతూ వచ్చింది. దానికి క్రెడిట్లు లేవు, మార్కులు మొత్తంలో కలవవు, కానీ పాస్ కాకపోతే డిగ్రీ చేతికి రాదు. లాభం కనపడదు, నష్టం మాత్రం ఖాయం. అలాంటి పేపరు మీద కుర్రవాడికి ఉత్సాహం ఎక్కడినుంచి వస్తుంది?

ఆసక్తి లేదని తీర్పు చెప్పేముందు మా సంగతి కొంచెం వినండి. మేము బడి చదువంతా తమిళంలో చదివాం. లాగరిథమ్ పట్టీలు చకచకా చూసేవాళ్ళం, అయితే దాని పేరు మాకు "మడక్కై". పీయూసీలో చేరాక పాఠం ఇంగ్లీషులో మొదలైంది. లెక్చరరు గారు "లాగరిథమ్" అంటుంటే అదేదో కొత్త గండం అనుకుని బిగుసుకుపోయాం. మొదటి పరీక్షలో నూటికి పదకొండు. వెనక బెంచీకి పంపేశారు, "వీళ్ళకి శ్రద్ధ లేదు" అన్నారు. హాస్టల్లో ఒక సీనియరు ఓ రాత్రి పక్కన కూర్చుని "ఒరేయ్, ఇది మడక్కైయేరా" అన్నాడు. అంతే, తలుపు తెరుచుకుంది. ఆ ఒక్క మాట పడకపోతే తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా రైల్వే గూడ్సు ఆఫీసులో వార్ఫేజీ, డెమరేజీ లెక్కలు కట్టేవాళ్ళమా?

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. ఈ విషయంలో మన ప్రాంతానికి పెద్ద పేరే ఉంది.

బీదరు నుంచి 2017లో మొదలైన కొత్త లైను మీద కలబురగి చేరి, వాడి జంక్షను దగ్గర సికిందరాబాదు వైపు తిరగండి. చిత్తాపూరు తర్వాత మళఖేడ్ రోడ్ అని చిన్న స్టేషను వస్తుంది. కాగిణా నది ఒడ్డున ఉన్న ఆ మళఖేడే ఒకప్పటి మాన్యఖేటం, రాష్ట్రకూటుల రాజధాని. 9వ శతాబ్దంలో అమోఘవర్ష నృపతుంగుడి ఏలుబడిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. పుస్తకం మొదట్లోనే ఆయన గణితం ఎందుకో చెప్తాడు: వ్యాపారానికి, వంటకి, వైద్యానికి, సంగీతానికి, ఇల్లు కట్టడానికి. "పరీక్ష కోసం" అనే మాట అందులో లేదు.

గుణకారం నేర్పేటప్పుడు ఆయన చేసిన పని చూడండి. 139ని 109తో గుణించమన్నాడు. జవాబు 15151. 152207ని 73తో గుణించమన్నాడు. జవాబు ఎనిమిది ఒకట్లు, 11111111. ముత్యాల దండలా వరసగా వస్తుంది. అలాంటి జవాబుల్ని ఆయన హారాలన్నాడు. పిల్లవాడు చివరిదాకా తప్పు లేకుండా చేస్తేనే ఆ హారం కనిపిస్తుంది, ఒక్క అంకె తప్పినా దండ తెగిపోతుంది. సరిచూసుకోవడం, సంతోషం, రెండూ ఆ జవాబులోనే ఉన్నాయి. మేము మనవడికి కాగితం ఇచ్చి చేయమన్నాం. ఎనిమిది ఒకట్లు వచ్చేసరికి ఇంకోటి ఇవ్వమని వెంటపడ్డాడు.

రెండు శతాబ్దాల తర్వాత ఆ పుస్తకం తూర్పున తెలుగువాళ్ళకి చేరింది. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. తెలుగులో మనకు దొరికిన మొదటి గణిత గ్రంథం అదే. మల్లన మక్కీకి మక్కీ దింపలేదు. కొన్ని వదిలాడు, కొన్ని ఉదాహరణలు తనవి చేర్చాడు, మూలంలో జైన సంప్రదాయం ఉన్నచోట శివుణ్ణి తెచ్చాడు. తన పాఠకుడికి తెలిసిన లోకంలోకి లెక్కని తీసుకొచ్చాడన్నమాట. ఆ హాస్టల్ సీనియరు మాకు చేసింది కూడా ఇదే.

ఇక మన ఊళ్ళోకే వద్దాం. మహమూద్ గవాన్ మద్రసా ముందునుంచి రోజూ వెళ్తుంటాం, కదా? 1472లో కట్టిన ఆ మూడంతస్తుల భవనంలో చదువుకునే గదులతోపాటు విద్యార్థులకూ గురువులకూ బస కూడా ఉండేది. రాత్రి సందేహం వస్తే అడగడానికి పక్క గదిలోనే ఎవరో ఒకరు ఉంటారు. ఆ మీనారు మీది నీలం పలకల కంటే ఆ ఏర్పాటే మాకు గొప్పగా తోస్తుంది.

నిజాం కాలంలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో కాలేజీ చదువు మొదలుపెట్టింది. అందుకోసం అనువాద విభాగం పెట్టి లెక్కల పుస్తకాలు కూడా ఉర్దూలోకి తెచ్చారు. ఇంగ్లీషు గోడ ఒకటి కూలింది. కానీ ఇంట్లో తెలుగు, కన్నడం మాట్లాడే పిల్లలకి ఉర్దూయే ఇంకో గోడ అయింది. తెలుగులో కాలేజీ పుస్తకాల కోసం తెలుగు అకాడమీ 1968లో గానీ రాలేదు. మన బీదరులో ఈనాటికీ ఒకే బెంచీ మీద ఒకడికి భిన్నం, ఒకడికి భిన్నరాశి, ఇంకొకడికి కసర్. ముగ్గురికీ పరీక్షలో వచ్చేది ఫ్రాక్షన్.

ఇదే ప్రశ్న అమెరికాలోనూ వచ్చింది. 1970లలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులు చాలామంది కాల్క్యులస్‌లో తప్పుతుండేవాళ్ళు. కారణమేమిటని అడిగితే పంతుళ్ళు పట్టుదల లేదన్నారు, ఇంట్లో ప్రోత్సాహం లేదన్నారు. యూరీ ట్రైస్‌మన్ అనే ఆయన ఆ మాటలు నమ్మకుండా పిల్లలు ఎలా చదువుతున్నారో దగ్గరుండి చూశాడు. వాళ్ళు కష్టపడుతూనే ఉన్నారు, కానీ ఒంటరిగా. బాగా చదివే చైనా కుటుంబాల పిల్లలు సాయంత్రం కలిసి కూర్చుని ఒకరి లెక్క ఒకరు దిద్దుకునేవాళ్ళు. ఆయన "వెనకబడ్డవారి క్లాసు" అనే పేరే తీసేశాడు. చిన్న గుంపులుగా కూర్చోబెట్టి సులువైనవి కాక, కష్టమైన లెక్కలే ఇచ్చాడు. ఫలితాలు మారిపోయాయి.

వీటన్నిటినీ కలిపి చూస్తే మాకు తోచింది ఒకటే. చాలామంది పిల్లలకి ఆసక్తి లేక కాదు, పక్కన మనిషి లేక ఆగిపోతున్నారు. తెలిసిన మాటలో చెప్పేవాడు, చిన్నబుచ్చకుండా కలిసి చేసేవాడు దొరికితే ఉత్సాహం దానంతట అదే వస్తుంది. ఒట్టి ఉపన్యాసంతో రాదు. వెనక బెంచీలో కూర్చున్న అనుభవంతో చెప్తున్నాం.

అందుకే ఒక మనవి. ఆదివారం సాయంత్రాలు మన సంఘం హాలు ఖాళీగానే ఉంటుంది. ఆ పేపరు మిగిలిన పిల్లలు నలుగురు వస్తే చాలు. ఫీజు వద్దు, బోర్డు మీద "స్పెషల్ క్లాసు" అని రాయొద్దు. వాళ్ళే కలిసి చేసుకుంటారు. తెలుగు, కన్నడం, ఉర్దూ ఏది నోటికి వస్తే అందులో మాట్లాడుకోనిద్దాం, చివర్లో ఇంగ్లీషు మాట పక్కన రాసుకుంటారు. ఇంజనీరింగు చదివిన మన యువ సభ్యులు ఇద్దరు గంటసేపు కూర్చుంటే మేలు. మాకు ఆ పై లెక్కలు రావు. టీ పెట్టి, మొదటి లెక్కగా 152207ని 73తో గుణించమని అడగడం మాత్రం వచ్చు.

మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే "వాడికి ఇష్టం లేదు" అనకుండా ఒక్కసారి పంపండి. ఎవరెవరు వస్తారో కింద రాయండి.