పాటల అమరిక: తాళ్లపాక రాగిరేకుల నుంచి డిజిటల్ సంగీత గ్రంథాలయం దాకా – ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంత గేయాల పరిశీలన

వ్యాససంగ్రహం

పాటను భద్రపరచడం వేరు, భద్రపరచిన పాట అవసరమైనప్పుడు దొరికేలా అమర్చడం వేరు. రాగిరేకు, ముద్రిత సంపుటం, క్యాసెట్టు, ఎంపీ3 ఫైలు అనే నాలుగు దశల్లో పాట పక్కన ఏ వివరాలు నమోదయ్యాయో, ఏవి విడిచిపెట్టబడ్డాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అహోబిల సంకీర్తనలు, రేనాటి వీరగేయాలు ఆధారంగా డిజిటల్ సంగ్రహాలకు అవసరమైన నమోదు అంశాలను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సంకీర్తన, రాగిరేకులు, రేనాడు, వీరగేయం, మెటాడేటా, ప్లేలిస్టు.

1. ఉపోద్ఘాతం

నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ పరిసరాలు రెండు భిన్నమైన గేయ సంప్రదాయాలకు నెలవు. ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలం ప్రసిద్ధ నరసింహ క్షేత్రం. అహోబిల మఠ స్థాపకుడైన శఠకోప యతి వద్ద తాళ్లపాక అన్నమాచార్యులు వేదాంతం అభ్యసించారని ఆయన మనుమడు చినతిరువేంగళనాథుడు ‘అన్నమాచార్య చరిత్రము’లో తెలిపాడు. అహోబిల నరసింహునిపై అన్నమాచార్యులు పెక్కు సంకీర్తనలు రచించారు. రెండవది రేనాటి మౌఖిక సంప్రదాయం. ఈస్టిండియా కంపెనీపై తిరుగుబాటు చేసి 1847లో కోయిలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గాథ ఈ ప్రాంతంలో పాటగా నిలిచింది.

మొదటి సంప్రదాయానికి కర్త ఉన్నాడు, ముద్ర ఉంది, లిఖిత పాఠం ఉంది. రెండవ దానికి నిర్దిష్ట కర్త లేడు, పాడేవారిని బట్టి పాఠం మారుతుంది. ఈ రెండింటినీ ఒకే డిజిటల్ గ్రంథాలయంలో చేర్చవలసి వచ్చినప్పుడు ఏ శీర్షికల కింద నమోదు చేయాలన్న ప్రశ్న తలెత్తుతుంది. ఇది కేవలం సాంకేతిక సమస్య కాదు. ఏ వివరానికి గడి ఉంటుందో ఆ వివరమే తరువాతి తరానికి అందుతుంది.

2. రాగిరేకుల క్రమం

అన్నమాచార్యులు 1424 నుంచి 1503 వరకు సంకీర్తనలు రచించినట్లు రాగిరేకు చెబుతోంది. ఆయన రచించినవి 32,000 అని ప్రసిద్ధి. నేడు లభిస్తున్నవి 12,000కు పైబడినవి. తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారంలో భద్రపరచిన ఈ రేకుల్లో మూడు నమోదు పద్ధతులు కనిపిస్తాయి. సంకీర్తనలను అధ్యాత్మ, శృంగార విభాగాలుగా వేరుచేయడం మొదటిది. రేకులకు సంఖ్యలు వేయడం రెండవది. ప్రతి కీర్తనకు రాగం పేరు చెక్కడం మూడవది.

సాధారణంగా తాళం పేరు గానీ, స్వరలిపి గానీ రేకులపై లేవు. నాటి గాయకులకు బాణీ కంఠస్థం కనుక రాగనామం ఒక్కటే వారికి సరిపోయి ఉంటుంది. గాన పరంపర తెగిపోయిన తరువాత సాహిత్యమూ రాగనామమూ మిగిలాయి, బాణీ మిగలలేదు. నమోదులో విడిచిన అంశం పరంపరతోపాటే నశిస్తుందనడానికి ఇది బలమైన ఉదాహరణ.

అయితే రేకులు మనకొక గొప్ప సౌకర్యం కలిగించాయి. విభాగం, రేకు సంఖ్య, ఆ రేకులో కీర్తన వరుస – ఈ మూడూ కలిస్తే ఏ సంకీర్తననైనా నిర్దిష్టంగా గుర్తించవచ్చు. పల్లవి పాఠభేదాలతో దీనికి నిమిత్తం లేదు.

3. ముద్రణ నుంచి క్యాసెట్టుకు

వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల పరిష్కరణలో తిరుమల తిరుపతి దేవస్థానం ఈ సంకీర్తనలను సంపుటాలుగా వెలువరించింది. రేకుల వరుస ముద్రణలోనూ నిలిచింది. పుస్తకంలో అదనంగా చేరిన పల్లవుల అకారాది సూచిక వల్ల ఒకే భండారంలోకి రెండవ ద్వారం తెరుచుకుంది.

రాళ్లపల్లి అనేక కీర్తనలకు స్వరరచన చేశారు. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పింది. నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ తదితరుల స్వరకల్పనలు క్యాసెట్ల ద్వారా ఇంటింటికీ చేరాయి. ఇక్కడ నమోదు ప్రాతిపదిక మారింది. రేకుకు కేంద్రం కీర్తన కాగా, క్యాసెట్టుకు కేంద్రం ఆల్బమ్. రేకు సంఖ్య పాటకు దూరమై, ఆల్బమ్ పేరు, గాయకుని పేరు ప్రధానమయ్యాయి.

4. ఫైలు, ట్యాగు, ప్లేలిస్టు

ఎంపీ3 ఫైలుకు వివరాలు జతచేసే ఐడీ3 ట్యాగు 1996లో వచ్చింది. దాని తొలి రూపం మొత్తం 128 బైట్లు. అందులో శీర్షికకు 30, కళాకారునికి 30, ఆల్బమ్‌కు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, ప్రక్రియకు 1 బైటు చొప్పున కేటాయించారు. కవికి గానీ, స్వరకర్తకు గానీ, రాగానికి గానీ ప్రత్యేకంగా గడి లేదు.

పైగా యూనికోడ్ తెలుగులో ఒక్కొక్క సంకేతానికి యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు అవసరం. ‘అన్నమాచార్య’ అన్న పేరులో 11 సంకేతాలున్నాయి, అంటే 33 బైట్లు. 30 బైట్ల గడిలో ఆ ఒక్క పేరే పట్టదు. అందులో తెలుగు లిపికి చోటే లేదు. 1998లో వచ్చిన రెండవ రూపం ఈ పరిమితిని తొలగించి, స్వరకర్తకూ గేయకర్తకూ వేర్వేరు గడులు కల్పించింది. గడి ఉన్నంత మాత్రాన అది నిండదు. ‘కళాకారుడు’ అన్న ఒక్క గడిలో ఒకరు అన్నమాచార్యుల పేరు, మరొకరు స్వరకర్త పేరు, ఇంకొకరు గాయకుని పేరు రాస్తే, ఒకే పాట మూడు చోట్లకు చెదిరిపోతుంది.

ప్లేలిస్టు స్వభావం వేరు. అది పాటను తనలో దాచుకోదు, పాట ఉన్న చోటును మాత్రమే సూచిస్తుంది. రేకుపై చెక్కిన కీర్తనకు ఒకటే స్థానం. ప్లేలిస్టులో అదే కీర్తన క్షేత్రం వరుసలోనూ, రాగం వరుసలోనూ, స్వరకర్త వరుసలోనూ ఏకకాలంలో ఉండగలదు. పరిశోధకునికి ఇది గొప్ప సౌలభ్యం. కానీ ఫైలు పేరు మార్చినా, మరో ఫోల్డరులోకి తరలించినా ఆ సూచన తెగిపోతుంది. కనుక ఫైలు స్థానానికి బదులు స్థిర సంఖ్య ఆధారంగా ప్లేలిస్టులు రూపొందించాలి. సంకీర్తనల విషయంలో ఆ సంఖ్యను శతాబ్దాల క్రితమే రేకులు సిద్ధం చేసి ఉంచాయి.

5. అహోబిల సంకీర్తనలు

అహోబిల సంకీర్తనలన్నిటినీ ఒక వరుసలో చేర్చదలచిన పరిశోధకునికి రేకుల విభజన నేరుగా తోడ్పడదు, అందులో క్షేత్రం ఒక శీర్షిక కాదు. ఫైలు పేర్లలో వెతికినా లాభం స్వల్పమే. ఫైలుకు పేరయ్యేది పల్లవి, క్షేత్రనామం చరణంలో ఉండవచ్చు. ఆ నామం కూడా అహోబిలం, అహోబలం అని రెండు రూపాల్లో వ్యవహారంలో ఉంది. ఒక రూపంతో వెతికితే రెండవ రూపం ఉన్న కీర్తనలు జారిపోతాయి. సాహిత్య పాఠం మొత్తాన్ని శోధనకు అందించి, రెండు రూపాలనూ ఒకే క్షేత్రానికి అనుసంధానించాలి.

రాగం విషయంలోనూ జాగ్రత్త అవసరం. గుండక్రియ, సాళంగనాట వంటి రాగనామాలు రేకులపై ఉన్నాయి. నేడు పాడే స్వరకల్పన అనేక సందర్భాల్లో వేరే రాగంలో ఉంటుంది. ‘రాగం’ అన్న ఒకే గడి ఉంటే రెండింటిలో ఒకటి చెరిగిపోతుంది. గ్రంథాలయ శాస్త్రంలో 1998లో రూపొందిన ఎఫ్‌ఆర్‌బీఆర్ నమూనా కృతి, అభివ్యక్తి, ప్రచురణ రూపం, ప్రతి అని నాలుగు స్థాయులు గుర్తించింది. దీన్ని అన్వయిస్తే సంకీర్తన కృతి, ఒక స్వరకర్త బాణీలో ఒక గాయకుని గానం అభివ్యక్తి, క్యాసెట్టు ప్రచురణ రూపం, గ్రంథాలయంలో ఉన్నది ప్రతి. రేకు రాగం కృతికి చెందుతుంది, పాడిన రాగం అభివ్యక్తికి చెందుతుంది.

6. రేనాటి వీరగేయాలు

తంగిరాల వెంకట సుబ్బారావు ‘రేనాటి సూర్యచంద్రులు’ గ్రంథం నరసింహారెడ్డి, బుడ్డా వెంగళరెడ్డి గాథలను సాహిత్య పరిశోధనలోకి తెచ్చింది. ఇటువంటి గేయాల నమోదులో కర్త గడి ఖాళీగా ఉంటుంది. దాన్ని ‘సంప్రదాయం’ అన్న మాటతో నింపి ఊరుకుంటే పాడిన వ్యక్తి, వంతపాట, వాద్యం, పాడిన ఊరు, సందర్భం అన్నీ లోపిస్తాయి. ఇక్కడ ఒక్కొక్క గానమూ ఒక పాఠమే. వాటిలో ‘అసలైన’ ఒకదాన్ని ఎంచి తక్కినవి తొలగించడం సంగ్రహం చేసే పని కాదు.

స్థలనామానికీ చరిత్ర ఉంది. నరసింహారెడ్డి కాలంలో కోయిలకుంట్ల కడప జిల్లాలో ఉండేది. 1858లో కర్నూలు జిల్లాలో చేరింది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలోకి వచ్చింది. 2022కు ముందు కర్నూలు జిల్లా పేరుతో నమోదైన పాట, నేడు ‘నంద్యాల’ అని వెతికేవారికి దొరకదు. అలాగని పాత పేరును కొట్టివేసి కొత్తది రాస్తే నమోదు నాటి సాక్ష్యం పోతుంది. ఊరి పేరును స్థిరంగా ఉంచి, నమోదు నాటి జిల్లా, ప్రస్తుత జిల్లా రెండూ చూపడమే సరైన మార్గం.

7. ముగింపు

పై పరిశీలన ఆధారంగా ఈ ప్రతిపాదనలు చేయవచ్చు.

అ) ప్రతి పాటకు ఫైలు పేరుతో సంబంధం లేని స్థిర సంఖ్య ఉండాలి. తాళ్లపాక సంకీర్తనలకు విభాగం, రేకు, వరుసలే దానికి ఆధారం.
ఆ) కవి, స్వరకర్త, గాయకుడు వేర్వేరు గడుల్లో నమోదు కావాలి.
ఇ) రేకు రాగాన్నీ, పాడిన రాగాన్నీ విడిగా చూపాలి.
ఈ) మౌఖిక గేయాలకు గాయకుని అనుమతితో పేరు, ఊరు, తేదీ, సందర్భం నమోదు చేయాలి.
ఉ) స్థలనామాల రూపభేదాలనూ, పాత జిల్లాలనూ అనుసంధానించాలి.

రాగిరేకులు చెక్కించిన వారికి బాణీ మరుగున పడుతుందన్న ఆలోచన కలిగి ఉండకపోవచ్చు. అందరికీ తెలిసినదాన్ని రాయనక్కరలేదని అనిపించడం సహజం. నేడు రేనాటి పాటను రికార్డు చేస్తున్న పరిశోధకునికి పాడినవారి పేరు, ఊరు అలాగే తెలిసినవిగా తోస్తాయి. ఆ తెలిసిన వివరాలనే ముందుగా రాసిపెట్టాలి.