మెనిస్కస్: మోకాలిలో నెలవంక

గ్రీకులో ‘మేనే’ అంటే చంద్రుడు. ‘మేనిస్కోస్’ అంటే బుల్లి చంద్రుడు, నెలవంక. మాసానికి వాళ్లు వాడే మాట కూడా దీని చుట్టమే. మన ‘నెల’ చంద్రుడూ మాసమూ రెండూ అయినట్టే! ఏథెన్స్‌లో విగ్రహాలపై పిట్టలు రెట్టవేయకుండా తలమీద అమర్చే రేకునూ మేనిస్కోస్ అనేవారు. అరిస్టోఫనీస్ ‘పక్షులు’ నాటకంలో దానిమీద ఓ చెణుకు ఉంది.

ప్రతి మోకాలిలో ఇలాంటి వంకలు, అంటే మెనిస్కస్‌లు, రెండు. తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య బరువును పంచే గట్టి పీచు మెత్తలివి. మనవాళ్లు వీటినీ, ఎముక చివరి నున్నని మృదులాస్థినీ కలిపి ‘గుజ్జు’ అనేస్తారు. చిక్కంతా అక్కడే.

1897లో బ్లాండ్ సటన్ అనే ఆంగ్ల వైద్యుడు మెనిస్కస్‌ను కండరం తాలూకు పనిలేని అవశేషం అన్నాడు. చిరిగితే తీసిపారేయడం చాలాకాలం మామూలైంది. తీసేసిన మోకాళ్లలో వచ్చే మార్పులను 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే వైద్యుడు ఎక్స్‌రేల్లో చూపించాడు. 1984లో మ్యూనిక్‌లో, పోయినదాని స్థానంలో దాత నుంచి తీసుకున్న మెనిస్కస్‌ను అమర్చారు.

‘కొత్త గుజ్జు వేస్తారట’ అని ఆర్థరైటిస్ ముదిరినవారు ఆశపడతారు. కానీ ఈ మార్పిడి ముఖ్యంగా మెనిస్కస్ పోయి, మృదులాస్థి ఇంకా మిగిలివున్న చిన్న వయసువారికి. ఎముకా ఎముకా రాసుకునే దశలో కొత్త వంకా త్వరగానే నలిగిపోతుంది; అప్పుడు మాట్లాడుకోవలసింది కీలు మార్పిడి గురించి.