మిరప నేలలో మిరియాల మందు

మార్చి నెలలో గుంటూరు మిర్చి యార్డుకు కొత్తగా వచ్చినవాళ్లను ఇట్టే పట్టేయొచ్చు. గేటు దాటి నాలుగడుగులు వేయకముందే తుమ్ములు, ఆ వెంటనే దగ్గు. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలు తలగుడ్డనే ముక్కుకు చుట్టుకుని పని కానిస్తుంటారు. పత్తి జిన్నింగు మిల్లుల్లోనూ ఇదే తంతు, కాకపోతే అక్కడ ఘాటుకు బదులు నుసి. దగ్గడానికి ఇన్ని కారణాలున్న ఈ మైదానం తరతరాలుగా నమ్ముకున్నది త్రికటు చూర్ణాన్ని: శొంఠి, మిరియాలు, పిప్పళ్లు సమపాళ్లలో. మూడూ ఘాటు సరుకులే, మూడూ బయటి నుంచి కొని తెచ్చుకోవలసినవే. చుట్టూ ఎర్రగా కళ్లాలు నింపే మిరపకాయకు మాత్రం అందులో చోటు లేదు.

ఎందుకు లేదో తెలియాలంటే మోటుపల్లి దాకా వెళ్లాలి. నేడు బాపట్ల జిల్లాలోనూ, 2022 దాకా ప్రకాశంలోనూ ఉన్న ఈ తీరగ్రామం కాకతీయుల కాలంలో పేరున్న రేవు. తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులే దాన్ని లాగేసుకునేవారు. గణపతిదేవుడు ఆ అలవాటు మాన్పించి, సుంకం తప్ప మరేదీ ముట్టబోమని వర్తకులకు మాటిస్తూ 1244 ప్రాంతంలో అభయశాసనం వేయించాడు. అందులోని సుంకాల పట్టికలో గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడాలతో పాటు మిరియాలూ ఉన్నాయి. మిరపకాయ అప్పటికి అమెరికా ఖండాలు దాటనే లేదు. పల్నాటి జొన్నకూడును వెక్కిరించిన చాటువులు ఆ తర్వాతి కాలపు కవి శ్రీనాథుడి పేరున చెల్లుతున్నాయి గానీ, పాపం ఆయనకూ మిరపకాయ తెలియదు. తెలిసుంటే మనకు ఇంకో చాటువు దక్కేది.

పోర్చుగీసు ఓడల్లో మిరప 16వ శతాబ్దంలో పశ్చిమ తీరానికి చేరింది. పెరట్లో కాసే ఘాటు ఉండగా, డబ్బు పోసి మిరియాలు కొనేదెవరు? వంటిల్లు క్రమంగా దాని వశమైంది. మిరియానికి చారూ పొంగలీ మిగిలాయి. మందుల పెట్టె మాత్రం లొంగలేదు. బాలింతకు పెట్టే కాయంలో ఇప్పటికీ పడేవి శొంఠి, పిప్పళ్లు, మిరియాలే. ఎర్రకారాన్ని కొన్నాళ్లపాటు ఆమె విస్తరి దరిదాపులకు రానివ్వరు.

దగ్గు ముదిరితే వైద్యుడి చెయ్యి తాలీసాది చూర్ణం మీదికి పోతుంది. చరక సంహిత రాజయక్ష్మ చికిత్సలో చెప్పిన యోగమిది. తాలీసపత్రం ఒక పాలు, మిరియాలు రెండు, శొంఠి మూడు, పిప్పళ్లు నాలుగు, వెదురుప్పు ఐదు, దాల్చినచెక్క, ఏలకులు చెరి అరపాలు. ఇవన్నీ కలిపి 16 పాళ్లయితే, పంచదార ఒక్కటే 32. అంటే మూడింట రెండొంతులు తీపే! మందంటే మారాం చేసే పిల్లలు దీనికి నోరు తెరవడంలో వింతేమీ లేదు. షుగరున్న పెద్దలే చూసుకోవాలి. ఇక రాజయక్ష్మ అంటే నేటి క్షయ. ఈ రోజుల్లో రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు చేయించాల్సింది కఫం పరీక్ష.

తయారీలో ఓపికంతా నూరడం దగ్గరే. దినుసులు బాగా ఎండాక కల్వంలో నూరి, పలుచటి గుడ్డలో జల్లిస్తారు. వైద్యుల మాటలో ఇది వస్త్రగాళితం. గుడ్డ మీద మిగిలిన పిప్పి మళ్లీ కల్వంలోకే పోతుంది. చెమ్మ తగిలితే గడ్డ కడుతుంది కనుక తీపి చివర్లో కలుపుతారు. ఇక చిటికెడు పొడి తేనెలో రంగరించి నాకించడమే. ఏడాది నిండని పసివాళ్లకు మాత్రం తేనె వద్దని నేటి డాక్టర్లు గట్టిగా చెబుతారు.

ఇంటి కల్వంలోని మందు సీసాలకెక్కిన కథలోనూ ఈ ప్రాంతం మనిషి ఉన్నాడు. ఒంగోలు దగ్గరి ఇనమనమెళ్లూరులో 1875లో పుట్టిన కె.ఎన్. కేసరి బతుకుతెరువు కోసం మద్రాసు చేరి, ఆయుర్వేదం నేర్చి, కేసరి కుటీరం పెట్టారు. దానికి పేరు తెచ్చిన ‘లోధ్ర’ దగ్గుకు కాదు, స్త్రీల వ్యాధులకు. మందుల మీద వచ్చిన డబ్బుతో ఆయన ‘గృహలక్ష్మి’ పత్రిక నడిపారు, రచయిత్రులకు స్వర్ణకంకణాలు తొడిగారు. 1934లో తొలి కంకణం అందుకున్న కనుపర్తి వరలక్ష్మమ్మది బాపట్ల.

ఫ్యాక్టరీలొచ్చాక పాళ్లు మరింత బిగుసుకున్నాయి. ఔషధ చట్టానికి 1964లో చేసిన సవరణ ఆయుర్వేద మందులనూ దాని కిందికి తెచ్చింది. శాస్త్రోక్తమైన మందుగా అమ్మాలంటే చట్టం జాబితాలోని గ్రంథాల్లో ఉన్నట్టే చేయాలి. తెలుగు వైద్యులు నిత్యం తిరగేసే బసవరాజీయం కూడా ఆ జాబితాలో ఉంది. తాలీసాదిలో మిరపకాయ పడే దారి అలా చట్టం ప్రకారమూ మూసుకుపోయింది.

దగ్గుమందులో చోటు దక్కని మిరపకు ప్రయోగశాలలో మాత్రం పని దొరికింది. మిరపలోని క్యాప్సైసిన్, మిరియంలోని పైపరిన్ నరాల మీద ఒకే గ్రాహకాన్ని తట్టిలేపుతాయి. క్యాప్సైసిన్ దెబ్బ చాలా గట్టిది. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన బృందం నాయకుడు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. దగ్గుమందు పనితనం తేల్చాలంటే ముందు దగ్గు తెప్పించాలి గదా! అందుకు పరిశోధకులు క్యాప్సైసిన్‌నే సన్నని తుంపరగా పీల్పిస్తారు. ఏ మోతాదుకు ఎన్నిసార్లు దగ్గు వచ్చిందో రాసుకుని, మందు ఇచ్చాక మళ్లీ లెక్కపెడతారు.