కూపను నుండి కుకీ దాకా

డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగుల దినచర్య లెక్కలతో మొదలవుతుంది. నిన్నటి ప్రకటనను ఎందరు చూశారు, ఎందరు నొక్కారు, ఎందరు కొన్నారు? రెండు శీర్షికల్లో ఏది నెగ్గింది? ఓడినదాన్ని తీసివేసి, మరొకటి వ్రాసి, మళ్ళీ పోటీకి నిలుపుతారు.

ఇది కంప్యూటరుతో పుట్టిన విద్య అనుకుంటాము. కానీ అమెరికాలో క్లాడ్ హాప్కిన్స్ 1923లో వెలువరించిన 'సైంటిఫిక్ అడ్వర్టైజింగ్' బోధించినది ఈ పనినే. ఆనాడు పత్రికలోని ప్రకటనతో పాటు కత్తిరించి పంపవలసిన కూపను ఉండేది. దాని మీది గుర్తును బట్టి ఏ పత్రిక, ఏ శీర్షిక ఎన్ని ఉత్తరాలు తెచ్చిందో తేలేది. నేడు ప్రకటన లంకెల చివర తగిలించే సంకేతాలు ఆ గుర్తుల వారసులే.

అసలు మలుపు 1994లో వచ్చింది. ఆ ఏడు నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లి కుకీని రూపొందించాడు. అంతర్జాలపు దుకాణం కొనుగోలుదారు బుట్టను గుర్తుంచుకోవడానికి పుట్టిన ఉపాయం అది. అదే ఏడాది అక్టోబరులో హాట్‌వైర్డ్ జాలస్థలిలో బ్యానరు ప్రకటనలు వెలిశాయి. కొద్ది ఏళ్ళలోనే ప్రకటనల సంస్థలు కుకీని చేపట్టి, పాఠకుడు ఒక స్థలి నుండి మరొకదానికి పోయే జాడ తీయసాగాయి.

కూపనును పాఠకుడు తానే కత్తిరించాడు, తన పేరు తానే వ్రాశాడు. కుకీ అతనిని అడగనైనా లేదు. 2018లో ఐరోపా సమాఖ్యలో అమలుకు వచ్చిన జీడీపీఆర్‌లోనూ, 2023లో మన దేశం చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనూ సమ్మతి ఒక ముఖ్యసూత్రం. ఆ కత్తెరను తిరిగి పాఠకుని చేతికివ్వడానికి శతాబ్దం పట్టింది!