తీరానికి తీరని బాకీ

విశాఖ ఆర్కే బీచ్‌లో అప్పుడప్పుడు లావాటి గొట్టాలు కనిపిస్తాయి. వాటిలోంచి ఇసుక కలిసిన నీళ్లు ఒడ్డున పడుతుంటాయి. పోర్టు దగ్గర డ్రెడ్జర్ తవ్వి తీసిన ఇసుక అది. ఇక్కడ కెరటాలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. ఓడరేవు ఆ దారికి అడ్డం పడింది. ఆగిన ఇసుకను ఎత్తి అవతల పోయకపోతే బీచ్ కోతకు గురవుతుంది.

ఈ బాకీ పద్దు 1933 నాటిది. డాల్ఫిన్స్ నోస్ కొండ చెంత రేవు తెరిచిన ఏడాది అది. అలల ఉరవడిని ఆపడానికి రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచారు. తర్వాత పరిశ్రమలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి: 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1967లో ఎరువుల ఫ్యాక్టరీ, 1977లో జింకు కర్మాగారం, ఆపైన ఉక్కు. జీతాలు పెరిగాయి, ఊరు పెరిగింది. కానీ ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండలు, మధ్యలో గిన్నెలా నగరం. పొగ త్వరగా బయటపడే దారి లేదు. పోర్టులో ఎత్తిపోసే బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళి వన్‌టౌన్ ఇళ్ల మీద పేరుకునేది.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విశాఖను తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాది కొత్త పరిశ్రమల అనుమతులకు కొంతకాలం బ్రేకు పడింది.

అసలు కుదుపు 2014 అక్టోబరు 12న వచ్చింది. హుద్‌హుద్ తుపాను నేరుగా నగరం మీదే తీరం దాటింది. చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి, కరెంటు స్తంభాలు వరసగా ఒరిగాయి. కొండలు బోడిగా మిగిలాయి. ఆ విధ్వంసమే మార్పుకూ దారి తీసింది. వీధి దీపాలను ఎలాగూ మళ్లీ పెట్టాలి కనుక, సుమారు 90 వేల ఎల్‌ఈడీలు బిగించారు. 2016లో స్మార్ట్ సిటీల తొలి జాబితాలో విశాఖకు చోటు దక్కింది. 2018లో ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల సౌర ఫలకాలు తేలాయి. కొండలకూ కడలికీ నడుమ ఇరుక్కున్న ఊరికి నీటి మీద కరెంటు పండించడం కలిసొచ్చింది: భూమి అక్కర్లేదు, పైగా నీరు ఆవిరయ్యేదీ తగ్గుతుంది. కాపులుప్పాడలో చెత్తను మండించి కరెంటు తీసే 15 మెగావాట్ల ప్లాంటు వచ్చింది. 2022 జూన్ 5 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై నగరపాలక సంస్థ నిషేధం పెట్టింది.

అయితే లెక్క ఎప్పుడూ ఒకవైపే సాగలేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గరి ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో రుషికొండ బీచ్‌కు అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. పండగ చేసుకున్న ఆ బీచ్ పక్కనే, తర్వాతి రోజుల్లో రుషికొండను తవ్వేస్తున్నారంటూ వివాదం రేగి, హరిత ట్రైబ్యునల్, సుప్రీంకోర్టుల దాకా వెళ్లింది.

నిర్వహణ లోపాల వల్ల 2025 తొలినాళ్లలో ఆ బ్లూ ఫ్లాగ్ చేజారింది. ఒడ్డు ఊడ్చి, మరుగుదొడ్లు బాగుచేసి, కొన్ని వారాల్లోనే తిరిగి తెచ్చుకున్నారు. ఆర్కే బీచ్‌కు మాత్రం గొట్టాలతో పని ఇంకా తీరలేదు.