ఒక్కరి కొలతకు మందు

పెద్దల కొఱకు చేసిన మాత్రను పసిబిడ్డకు ఇయ్యవలసి వచ్చినపుడు, దానిని రెండుగనో నాలుగుగనో విఱిచి, ఒక తునకను నూఱి తేనెలో కలిపి నాకించుట మన యిండ్లలో క్రొత్త గాదు. విఱిచిన తునకలు నాలుగును సమముగ నుండునా? ఈ చిన్న సందేహము వెనుక వైద్య చరిత్రలోని పెద్ద సమస్య యొకటి కలదు. మందు అందఱి కొఱకు తయారగుచున్నది. రోగము మాత్రము ఒక్కరిది. ఆ ఒక్కరి శరీరమునకు తగిన కొలతలో, తగిన కాలమున, తగిన చోట మందు నందించుట యెట్లు?

పూర్వము వైద్యుడు రోగి వయస్సును, బలమును చూచి, మందును కల్వములో నూఱి యిచ్చెడివాడు. కొలత రోగిని బట్టి మారెడిది. కాని నూఱిన చేతిని బట్టియు మారెడిది. 1843లో ఇంగ్లండునందు విలియం బ్రాకెడన్ అను చిత్రకారుడు, పొడిని అచ్చులో పోసి గట్టిగ నొక్కి మాత్రలు చేయు పద్ధతికి పేటెంటు పొందెను. పెన్సిళ్లలో వాడు నల్లసీసమును గట్టిపఱచుటకును ఆ పద్ధతియే పనికివచ్చెను. క్రమముగ యంత్రములు వృద్ధిచెంది, వేలకొలది మాత్రలు ఒకే బరువుతో రాసాగెను. మందు చౌక యైనది, దానిపై నమ్మకము పెరిగినది. ఆ మేలు సామాన్యమైనది కాదు. కాని దానితోపాటు, ఒక్కొక్కరికి వేఱువేఱుగ మందు కొలుచు అలవాటు వెనుకబడినది.

మాత్రకు మఱియొక పరిమితి కలదు. మ్రింగిన కొంతసేపటికి రక్తములో మందు పెరుగును, పిదప తగ్గిపోవును. నెలల తరబడి ఒకే తీరున మందు అందవలెనన్న నేమి చేయవలెను? 1937లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు డీన్స్‌లీ, పార్క్స్ అనువారు హార్మోనులను గట్టి గుళికలుగ నొక్కి జంతువుల చర్మము క్రింద అమర్చిరి. గుళిక మెల్లమెల్లగ కరగుచు చాలకాలము పనిచేసెను. మఱుసటి సంవత్సరమే ఈ పద్ధతి మానవ చికిత్సలోనికి వచ్చెను. శరీరములో నిట్లు అమర్చు మందునే ఇంప్లాంటు అనుచున్నారు.

1964లో అమెరికా శాస్త్రజ్ఞులు జూడా ఫోక్‌మన్, డేవిడ్ లాంగ్ మఱియొక మార్గమును ప్రకటించిరి. సిలికోను రబ్బరు గొట్టములో కొన్ని మందుల నుంచి రెండు కొనలను మూసిన యెడల, ఆ మందు గోడగుండ కొంచెము కొంచెముగ వెలుపలికి వచ్చుచుండునని వారు చూపిరి. ఈ సూత్రముపైననే న్యూయార్కులోని పాపులేషన్ కౌన్సిల్, షెల్డన్ సీగల్ మొదలగువారి కృషితో, నార్‌ప్లాంట్ అను సంతాన నిరోధక సాధనమును రూపొందించెను. చేతి చర్మము క్రింద అగ్గిపుల్లలంతటి ఆఱు కడ్డీలు అమర్చిన చాలును, అయిదేండ్లు పనిచేయును. 1983లో ఫిన్లండు, 1990లో అమెరికా దీనికి అనుమతి నిచ్చెను.

ఈ సాధనము చరిత్ర మనకు ముఖ్యమైన పాఠమును చెప్పుచున్నది. ప్రతిదినమును రోగి చేయి కలుగజేసికొన నక్కఱ లేకుండుట దాని గుణము. ఆ గుణమే చిక్కును తెచ్చెను. మాత్ర వలదనుకొన్నవాడు దానిని మ్రింగకుండ మానవచ్చును. చర్మము క్రింది కడ్డీని తీయుటకు వైద్యుడే కావలెను. 1991 జనవరిలో కాలిఫోర్నియాయందు ఒక న్యాయమూర్తి, శిక్ష పొందిన యొక స్త్రీకి విధించిన షరతులలో ఈ కడ్డీలను అమర్చుకొనుట నొకటిగ చేర్చెను. దానిపై ఆ దేశమున గొప్ప వాదము చెలరేగెను. తీయించుకొనుటలో బాధపడితిమని అనేకులు న్యాయస్థానముల కెక్కిరి. 2002లో అమెరికా విపణినుండి ఆ సాధనము తొలగెను. మందు పనిచేయక కాదు. దాని తరువాత వచ్చిన, తక్కువ కడ్డీలు గల రకములు నేటికిని అనేక దేశములలో వాడుకలో నున్నవి.

ఇట్టి ప్రశ్నయే మన తెలుగునాటను తలెత్తెను. 1985లో హైదరాబాదు సమీపమందలి పటాన్‌చెరులో, చిరకాలము పనిచేయు నెట్-ఎన్ అను సంతాన నిరోధక సూదిమందును పరీక్షించబూనగా, విషయము నంతయు స్త్రీలకు తెలిపి సమ్మతి తీసికొనలేదని స్త్రీశక్తి సంఘటన అభ్యంతరము చెప్పెను. ఆ వివాదము సుప్రీంకోర్టుదాక పోయెను. అది ఇంప్లాంటు కాదు; అయినను ఒకసారి దేహములోనికి పోయిన పిమ్మట వెనుకకు తీసికొన వీలుగాని మందు విషయమున ముందుగ అడుగవలసిన ప్రశ్న ఒక్కటియే.

తీయవలసిన అవసరమే లేని ఇంప్లాంటు కొఱకు, శరీరములో తానే కరిగిపోవు పదార్థములను శాస్త్రజ్ఞులు వెదకిరి. రాబర్ట్ లాంగర్, హెన్రీ బ్రెమ్ మొదలగువారి కృషి ఫలితముగ 1996లో గ్లియాడెల్ అను పలుచని బిళ్ల అమెరికాలో ఆమోదము పొందెను. ఒక్కొక్క బిళ్లలో 7.7 మిల్లీగ్రాముల మందుండును. మెదడులోని కంతిని తీసివేసిన పిదప, ఆ గుంటలో ఎనిమిది బిళ్లలవఱకు పేర్చుదురు. మందు కావలసిన చోటనే వెలువడును. కాని గుంటలు వేఱువేఱు. బిళ్ల కొలత ఒక్కటియే.

ఈ లోటును తీర్చగలదని యాశ గొల్పుచున్నది త్రిపరిమాణ ముద్రణము. మన యిల్లాండ్రు వాకిట పిండితో ముగ్గు పెట్టుదురు గదా! ఒక ముగ్గుపై మఱియొక ముగ్గు, దానిపై నింకొకటి, ఇట్లు పొరలు పొరలుగ పెట్టి, ప్రతి పొరను అతికించుకొనుచు పోయిన యెడల ఒక వస్తువు లేచి నిలుచును. కంప్యూటరు చెప్పిన చొప్పున యంత్రము చేయునది యిదియే. 1984లో చార్లెస్ హల్, ద్రవమును కాంతితో పొరలుగ గట్టిపఱచు విధానమునకు పేటెంటు కోరెను. 1989లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఇమాన్యుయెల్ సాక్స్, మైకేల్ సీమా మొదలగువారు పొడిపై జిగురుబిందువులను చల్లు పద్ధతిని కనిపెట్టిరి. 1996 నాటికే సీమా బృందము మందును విడుదల చేయు సాధనములను ఈ విధముగ నిర్మించి చూపెను.

ఇచట కొలతకు క్రొత్త అర్థము వచ్చినది. మందు ఎంత యనుటయే గాక, ఏ పొరలో నెంత, గోడ ఎంత మందము, రంధ్రము లెన్ని యనునవియు మందు వెలువడు వేగమును నిర్ణయించును. 2007లో చైనా పరిశోధకులు లీవోఫ్లాక్ససిన్ అను సూక్ష్మజీవి నాశక ఔషధముతో, లోపలి అమరికను ముందే నిర్ణయించిన ఇంప్లాంటులను ముద్రించి ప్రకటించిరి.

అయితే ముద్రించినంత మాత్రమున మందు ఒక్కరిది కాదు. 2015లో అమెరికా ఆమోదించిన మొదటి ముద్రిత ఔషధము స్ప్రిటామ్ మూర్ఛరోగులకు ఉద్దేశింపబడినది. గ్రుక్కెడు నీటితో నోట కరగుట దాని సుగుణము. కాని అది నిర్ణీతమైన కొలతలలో కర్మాగారమునుండి వచ్చునదే. మఱియొకవైపు, 2019లో వెలువడిన యొక అధ్యయనమున, స్పెయిన్ దేశపు ఆసుపత్రిలో అరుదైన జన్మవ్యాధి గల నలుగురు పిల్లలకు, ఒక్కొక్కరి రక్తపరీక్షను బట్టి నమలు మాత్రలు ముద్రించి యిచ్చిరి. నలుగురే యైనను, మాత్ర విఱిచెడి తల్లులకు అది శుభవార్త.

ఒక్కరి కొలతకు ముద్రించిన ఔషధ ఇంప్లాంటులు మాత్రము నేటికిని అధికముగ ప్రయోగశాలలలోనే యున్నవి. దానికి బలమైన కారణము కలదు. వేయి మాత్రలలో కొన్నిటిని పగులగొట్టి పరీక్షింపవచ్చును. ఒక్క రోగికై చేసిన ఒక్క ఇంప్లాంటును పగులగొట్టిన నిక మిగులునదేమి? వేడిమివలన మందు చెడలేదనియు, సూక్ష్మజీవులు లేవనియు, దానిని ముట్టకయే తెలిసికొనవలెను. తప్పు జరిగిన యెడల బాధ్యత యంత్రము చేసినవారిదా, ఆసుపత్రిదా? రోగి చెంతనే మందు తయారుచేయుటను క్రమబద్ధము చేయు నిబంధనలు బ్రిటనులో 2025 జూలైనుండి అమలులోనికి వచ్చినవి.

యంత్రము రోగి ఎముకను, బరువును, రక్తమును కొలువగలదు. ఇంత శ్రమపడి ఒక్కరి కొఱకు చేసిన మందును అమర్చునపుడు, ఆ ఒక్కరికి దానిని గూర్చి విడమఱచి చెప్పుటయు, వలదన్నచో మానుటయు, తీయుమన్నచో తీయు నేర్పు గల వైద్యుని అందుబాటులో నుంచుటయు ఆ కొలతలో చేరవలెనని మేము తలంచెదము. నార్‌ప్లాంటు వాడిన స్త్రీలును, పటాన్‌చెరు విషయమున ప్రశ్నించిన స్త్రీలును ఈ సంగతిని, ముద్రణయంత్రము ఆసుపత్రికి రాకముందే, వైద్యలోకమునకు తెలియజేసియున్నారు.