బెంగుళూరు పొలిమేరలలో మహమ్మారి: ప్లేగునాటి నుండి కోవిడ్ వరకు

అంటువ్యాధిని పొలిమేరయందే నిలువరింపవలెనను సంకల్పము ఎంత సహజమో, ఆ పొలిమేరయొద్ద నిలుపబడిన మనుష్యుని గతి యేమను ప్రశ్నయు అంత అనివార్యము. బెంగుళూరు నగరమునకు ఈ ప్రశ్న 1898లో ప్లేగు రూపమునను, 2020లో కోవిడ్ రూపమునను ఎదురయ్యెను. ఈ రెండు సందర్భములకు నడుమ శాస్త్రవిజ్ఞానము అపారముగ వృద్ధినొందినను, పాలకులకు ప్రజలకు నడుమ నుండవలసిన విశ్వాసము ఆ మేరకు వృద్ధినొందలేదని చరిత్ర తెలుపుచున్నది.

1896 సెప్టెంబరులో బొంబాయియందు బయటపడిన ప్లేగు రైలుమార్గముల వెంట దక్షిణమునకు ప్రాకసాగెను. 1897 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వము అంటువ్యాధుల చట్టమును చేసెను. నాలుగే సెక్షనులు గల ఆ చిన్న చట్టము ప్రయాణికులను పరీక్షించుటకును, అనుమానితులను వేరుపరచి యుంచుటకును ప్రభుత్వమునకు విశాలాధికారము నొసంగి, సద్భావముతో పనిచేసిన అధికారులకు రక్షణ కల్పించెనే కాని, నిర్బంధింపబడినవానికి దక్కవలసినదేమో ఒక్క మాటయైనను చెప్పలేదు. దాని ఫలితము పూనాలో వెంటనే కనబడెను. సైనికులు ఇండ్లలో చొరబడి సోదాలు జరుపుటచే రగిలిన క్రోధము, జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌పై చాపేకర్ సోదరుల కాల్పులకు దారితీసెను. ఈ కల్లోలము నడుమనే బాలగంగాధర తిలకుకు రాజద్రోహ నేరముపై 18 నెలల శిక్ష పడెను.

1898 ఆగస్టులో ప్లేగు హుబ్బళ్లి వైపునుండి రైలుమార్గమున బెంగుళూరు చేరెను. అప్పటికి నగరము రెండు ప్రభుత్వముల క్రింద నుండెను. పేట మైసూరు సంస్థానమునకు చెందినది. దండు (కంటోన్మెంటు) ప్రదేశము బ్రిటిషు రెసిడెంటు అధీనము. దివాను శేషాద్రి అయ్యరు ప్రభుత్వము వి.పి. మాధవరావును ప్లేగు కమిషనరుగ నియమించెను. ఆనాటి రైల్వే తనిఖీయందు ప్రయాణికులను వరుసగ నిలిపి, జ్వరము చూచి, చంకలలోను గజ్జలలోను గడ్డలున్నవేమోనని తడిమి చూచెడివారు; పరాయి పురుషుని చేయి తగులుట స్త్రీలకు మరణముకంటె దుస్సహముగ తోచెడిది. అప్పటి తెలుగు జిల్లాలును చేరియున్న మద్రాసు రాజధానిలో, వ్యాధిగ్రస్త ప్రదేశములనుండి వచ్చినవారికి ప్లేగు పాస్‌పోర్టులిచ్చి, 10 దినములు ప్రతిదినము స్థానికాధికారి యెదుట కనబడవలెనని శాసించిరి. మనుష్యుని ఇంత నిశితముగ గమనించుచుండగ, ధాన్యపు బస్తాలతో వచ్చు ఎలుక మాత్రము నిరాటంకముగ సరిహద్దు దాటుచుండెను. ఎలుకపై నుండు కీటకమే వ్యాధివాహకమని ఫ్రెంచి వైద్యుడు సీమాన్ 1898లోనే ప్రకటించినను, దానిని వెంటనే విశ్వసించినవారు అరుదు.

ఆ నవంబరులో శ్రీరంగపట్టణము చెంతనున్న గంజాం గ్రామమున జనము ప్లేగు నిబంధనలపై తిరుగబడిరి. బెంగుళూరు జనసంఖ్య, పేటయు దండును కలిపి, 1891లో 1,80,366 కాగా, మరణములవలనను వలసలవలనను 1901 నాటికి 1,59,046కు దిగెను. అయినను నిర్బంధముతోడనే సంస్థానము తృప్తినొందలేదు. ఇరుకు పేటనుండి జనులు తరలివచ్చుటకై మల్లేశ్వరము, బసవనగుడి అను విశాలమైన పేటలు వెలసెను. 1900లో విక్టోరియా ఆసుపత్రి తెరువబడెను. నాటి పాలనలో మెచ్చదగిన భాగమిదియే. పొమ్మన్న ప్రభుత్వమే పోవుటకు తావు చూపెను.

2020 మార్చిలో కర్ణాటక ప్రభుత్వము ఆ 1897 చట్టమునే ఆధారముగ గొని నిబంధనలు వెలువరించెను. గృహనిర్బంధమున నున్నవారి చేతులపై ముద్రలు వేసిరి. మేలుకొనియున్న వేళలందు గంటకొక సెల్ఫీ పంపవలెనని ఆజ్ఞాపించిరి. ప్లేగు పాస్‌పోర్టు పట్టుకొని దినమునకొకమారు కనబడిన నాటి ప్రయాణికునికి ఈ సెల్ఫీ పంపువాడు వారసుడు. కేరళలోని కాసరగోడు వైపు మార్గములను మట్టికుప్పలతో మూయగా, మంగళూరు ఆసుపత్రులే దిక్కైన రోగులు సరిహద్దున చిక్కువడిరి. వివాదము కేరళ హైకోర్టునకును, పిదప సుప్రీంకోర్టునకును చేరెను. ఏప్రిల్ 19న బెంగుళూరు పాదరాయనపురమున, అనుమానితులను క్వారంటైనుకు తరలింపవచ్చిన సిబ్బందిపై జనము విరుచుకుపడిరి. మూడు దినములలో రాష్ట్రము కఠినమైన ఆర్డినెన్సును తెచ్చెను. మే మొదటివారమున ముఖ్యమంత్రి భవననిర్మాతలతో సమావేశమైన పిమ్మట వలసకూలీల రైళ్లు రద్దు చేయబడి, దేశవ్యాప్త నిరసన రేగగా మరల నడుపబడెను. రాకను నిరోధించిన అధికారమే పోకను సయితము నిరోధించిన వింత ఇది.

తెలుగు రాష్ట్రములును ఇందుకు భిన్నముగ నడువలేదు. 2021 మేలో కర్నూలు దాటి హైదరాబాదు పోవు అంబులెన్సులను పుల్లూరు టోల్‌గేటు వద్ద తెలంగాణ పోలీసులు నిలిపివేయగా, అందుకు మూలమైన ప్రభుత్వ ఉత్తర్వును తెలంగాణ హైకోర్టు నిలుపుదల చేయవలసివచ్చెను. ఊపిరాడని రోగికి భాషయొకటే, దేశమొకటే యను మాట ఆ గేటుయొద్ద అక్కరకు రాలేదు.

మహమ్మారి వేళ రాకపోకలను కట్టడి చేయుట కొన్నియెడల ఆవశ్యకమే. కాని నిలిపినచోట నీడ, అన్నము, వైద్యము, విడుదలకు నియతమైన గడువు, కారణము నడుగు హక్కు లేనప్పుడు అది శిక్షగ పరిణమించును. శిక్షింపబడినట్లు తలచు ప్రజ రోగమును దాచును, సిబ్బందిని ద్వేషించును, సరిహద్దును దొంగదారిన దాటును. కావున మరియొక మహమ్మారి రాకమునుపే, నిలుపు అధికారమును వర్ణించిన చట్టమునందు నిలుపబడినవాని హక్కులును అంత స్పష్టముగ లిఖింపబడవలెను. కాపాడుట కొరకే ఆపుచున్నారని ప్రజలు నమ్మిననాడే పొలిమేర కట్టడి ఫలించును. ఆ నమ్మకమును కలిగించు భారము పాలకులదే.